తొట్టిలో ఆరు చేపలు

తిరువల్లిక్కేణి, మద్రాసు
12 ఆగస్టు 1937

అక్క సుందరవల్లికి తమ్ముడు సుదర్శన నమస్కారాలు.

నేనిక్కడ బాగున్నాను. మెస్సులో సాంబారు మాత్రం బాగాలేదు. నువ్వు, బావ, పాప ఎట్లా ఉన్నారో వివరంగా రాయి. పోయిన కార్డులో నాలుగు వాక్యాలు రాసి, మూడింట్లో వాన పడలేదనే రాసినావు.

అసలు సంగతికి వస్తాను. నాయనకు కంట్లో పొర తీసి రెండు నెలలైనది. ఎండలోకి పోరాదు, చదవరాదు, బరువెత్తరాదు, కోపం తెచ్చుకోరాదు అని మధుర డాక్టరు చెప్పినాడు గదా. మొదటి మూడింటికీ మీరందరూ కాపలా ఉన్నారు. నాలుగోదానికి నేనొక దారి వెతికినాను. ముప్పై ఏళ్ళు పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో పొద్దుటినుంచి సాయంత్రందాకా నిలబడి అందరినీ అదిలించిన మనిషిని ఈజీచెయిర్లో కూర్చోబెడితే ఏం చేస్తారు? అమ్మను అదిలిస్తారు. అందుకని ఆయన చూస్తూ కూర్చునేదానికి ఒక గాజుతొట్టి పంపినాను. ఇనుప చట్రం, నాలుగు వైపులా గాజు, ఆరు బిందెల నీళ్ళు పడతాయి. అందులోకి ఆరు బంగారు చేపలు. మన వీధి అళగు మద్రాసు చూసేదానికి వచ్చి తిరిగి వస్తున్నాడు. తొట్టి లగేజీ పెట్టెలో, చేపలు ఇత్తడి బిందెలో, ఆ బిందె అతని ఒళ్ళో. పెద్ద స్టేషన్లలో నీళ్ళు మార్చమని చెప్పినాను.

తొట్టిని నాయన కుర్చీకి ఎదురుగా, బాగా వెలుతురు పడే చోట పెట్టండి. ఆయన కొత్త కంటికి వెలుతురు కావాలి. తిండి రోజుకు ఒక్కసారి, రెండు వేళ్ళ మధ్య పట్టేంత. అంతకు మించి వద్దు.

నేను పంపినానని గట్టిగా చెప్పవద్దు. ఫ్యాక్టరీ వదిలి ఇక్కడ నూలు ఏజెంటు ఆఫీసులో చేరిననాటినుంచి నా చేతి వస్తువు ఏదీ ఆయనకు నచ్చదు. ఒకవేళ ఇది నచ్చితే మాత్రం వెంటనే రాయి.

నీ తమ్ముడు
సుదర్శన


రాజపాళయం
25 ఆగస్టు 1937

చిరంజీవి సుదర్శనకు అక్క ఆశీర్వాదాలు.

చేపలు వచ్చి చేరినాయి. ఆరూ హుషారుగా ఉన్నాయి. అళగు మాత్రం రెండు రోజులు మంచం మీదినుంచి లేవలేదు. పెద్ద స్టేషను ఏదో చిన్న స్టేషను ఏదో తెలియక, బండి నిలబడిన ప్రతి చోటా బిందె పట్టుకుని దిగి కొళాయి దగ్గరికి పరుగెత్తినాడట. విరుదునగరులో బండి కదిలిపోతే గార్డు పెట్టె పట్టుకుని ఎక్కినాడు. ఒళ్ళో బిందె దించకుండా కూర్చున్నాడని అది కాశీ తీర్థమనుకొని ఇద్దరు ముసలమ్మలు వేళ్ళు ముంచి కళ్ళకద్దుకున్నారు. వాళ్ళకు పుణ్యం వచ్చిందో లేదో, చేపకు మాత్రం గుండె ఆగినంత పని అయి ఉంటుంది.

నాయన తొట్టిని చూసి, "ఇవి వండేదానికా, చూసేదానికా?" అన్నారు.

"చూసేదానికి నాయనా."

"చూసి?"

"చూసేదే."

"సరి" అని ముఖం తిప్పుకున్నారు. నేను వంటింట్లోకి పోయినాను. కాసేపటికి నాయన కుర్చీ ఉన్న కూడంలోనుంచి లెక్కపెట్టే గొంతు వినిపించింది. ఒకటి, రెండు అని ఆరుదాకా పోయి, "వల్లీ, వీటిలో ఒకదానికి తోకమీద నల్లచుక్క ఉన్నదే, చూసినావా?" అన్నారు. నేను చూడనే లేదురా. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. పోయిన సంక్రాంతప్పుడు గుమ్మంలో నిలబడింది నేనో కన్నమ్మాళో ఆయనకు తెలియలేదు. వంటలో అమ్మకు సాయం చేసే కన్నమ్మాళ్ నాకంటే జానెడు పొడుగు.

కూడంలో పడమటి కిటికీ దగ్గర పెట్టినాము. మధ్యాహ్నంనుంచి ఎండ నేరుగా గాజుమీద పడుతుంది. ఒక్కొక్క పొలుసూ లెక్కపెట్టవచ్చు. నేను నాలుగిళ్ళ అవతల ఉన్నా రోజూ పొద్దున వచ్చి నా చేత్తోనే తిండి వేస్తున్నాను, నువ్వు చెప్పినట్లు ఒక్కసారే. కన్ను ఎట్లా ఉన్నదని పరామర్శకు వచ్చేవాళ్ళు ఇప్పుడు తొట్టి ముందే కూర్చుంటున్నారు. కన్ను సంగతి ఎవరూ అడగడం లేదు.

నచ్చినదా అని అడిగినావు. ఆయన చెప్పలేదు. కానీ కుర్చీ రెండడుగులు ముందుకు జరిపించుకున్నారు.

వచ్చే వారం నాయనా అమ్మా మధురకు పోతున్నారు. డాక్టరు కన్ను చూసి, ఇప్పుడు పెట్టుకునే ఆస్పత్రి అద్దాలకు బదులు సొంత అద్దాలు ఇస్తాడట.

అక్క
సుందరవల్లి


రాజపాళయం
16 సెప్టెంబరు 1937

సుదర్శనా,

ఆశీర్వాదాలు చివర చెప్తాను. ముందు నీ తొట్టి సంగతి విను.

మొదట గాజుమీద సన్నగా పచ్చటి పొర పట్టింది. తుడిచినాను. నాయన మధురకు పోయిన మరునాడు నీళ్ళే పచ్చబడినాయి. మునగాకు రుబ్బి కలిపినట్లు! చేప గాజు దగ్గరికి వస్తే ఎర్రగా ఏదో కదిలినట్లు తెలుస్తుంది, అంతే. వాళ్ళు వచ్చేలోగా బాగు చేయాలని నేనూ కన్నమ్మాళూ నీళ్ళంతా పారబోసి బావినీళ్ళు తోడి పోసినాము. మూడో రోజుకు మళ్ళీ పచ్చ. కన్నమ్మాళ్ ఇండుపగింజ అరగదీసి వేసింది. చెరువునీళ్ళు బిందెలో తేరేది అట్లానే గదా. ఇది మన్ను అయితే గదా అడుగున దిగేదానికి!

అప్పుడు మీ బావ వచ్చినారు. ఆస్పత్రులకు కట్టుగుడ్డ నేయించే మనిషి గదా, దేనికైనా మందు ఆ గుడ్డే. "మా గుడ్డలో నెత్తురే నిలుస్తుంది, పాచి నిలవదా?" అన్నారు. చలువ చేసే తొట్టిలోనుంచి అప్పుడే తీసిన గుడ్డ నాలుగు మడతలు వేసి, ఆరు బిందెల నీళ్ళూ వడగట్టినారు. పాచి హాయిగా గుడ్డలోనుంచి దిగి వచ్చింది. గుడ్డను తెల్లబరిచే చలువపొడి కూడా దానితో వచ్చింది. చేపలను వేసిన కాసేపటికి అన్నీ పైకి వచ్చి నోరు తెరిచినాయి. పరుగున తీసి బావినీళ్ళలో వేసినాము. అయిదు బతికినాయి. నల్లచుక్కది పోయినది. మీ బావ రెండు రోజులు ఈ ఇంటివైపు రాలేదు.

మొన్న వాళ్ళు వచ్చినారు. అమ్మకు రహస్యంగా చెప్పినాను. ఇంకొక కన్ను కోయించుకోవలసిన మనిషి ముందర చావు మాట ఎత్తవద్దన్నది. కాబట్టి ఎవరడిగినా చేపలు ఆరు. నువ్వూ జ్ఞాపకం పెట్టుకో.

డాక్టరు కన్ను చక్కగా ఉన్నదన్నాడు. రెండోది డిసెంబరులో తప్పకుండా చేయాలి, దాటితే పొర ముదిరి కన్నే పోతుందని గట్టిగా చెప్పినాడు. నాయన ఇంట్లోకి వస్తూనే కొత్త అద్దాలు తుడిచి పెట్టుకుని తొట్టివైపు చాలాసేపు చూసినారు. "చేపలు బాగా కనపడుతున్నాయా?" అని నన్ను అడిగినారు. "ఓ, బాగా కనపడుతున్నాయి నాయనా" అన్నాను.

ఏం చేయాలో వెంటనే రాయి. ఆశీర్వాదాలు.

అక్క


మద్రాసు
21 సెప్టెంబరు 1937

అక్కకు నమస్కారాలు.

బావ వడగట్టిన సంగతి చదివి ఆఫీసులో గట్టిగా నవ్వినాను, మేనేజరు తలెత్తి చూసినాడు. తరువాత నల్లచుక్క సంగతి చదివి కష్టమైనది. నాయన మొదట గుర్తుపట్టింది దాన్నే గదా.

ఒకటి ముఖ్యం. నీళ్ళు చెడినాయని నాయనకు తెలియరాదు. తెలిస్తే ముందు నామీద కోపం, తరువాత బావమీద, ఆ తరువాత ఎదురుగా ఎవరుంటే వాళ్ళమీద. డాక్టరు వద్దన్నది కోపమే. నువ్వు చెప్పిన జవాబే మంచిది. ఆయన అడిగితే అందరూ అదే చెప్పండి. నీళ్ళు తేటగా ఉన్నాయి, చేపలు ఎర్రగా ఉన్నాయి, ఆరూ ఉన్నాయి. పరామర్శకు వచ్చేవాళ్ళకు కూడా వాకిట్లోనే చెప్పి లోపలికి పంపండి. నేను దారి కనుక్కునేదాకా ఇది కాపాడితే చాలు.

ఇక్కడ బీచి దగ్గర చేపల తొట్లు చూసుకునే సంజీవి అని ఒకాయన ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఆయన్ను అడగాలంటే ఊరికి పోయినాడు, మూడు వారాలకు గాని రాడట. అంతలోకి నేను చదివినది రాస్తాను. నీళ్ళంతా ఒకేసారి మార్చవద్దు. మూడోవంతు తీసి, ఒక రోజు నిలవ ఉంచిన నీళ్ళు పోయండి. గాజును ఉప్పుతో రుద్ది కడగండి. నత్తలు పాచి తింటాయట, నాలుగు వేసి చూడండి. తిండి ఎక్కువ పడితే కుళ్ళి పాచికి ఎరువవుతుంది. ఎక్కువ వేయడం లేదు గదా?

డిసెంబరుకు సెలవు అడిగినాను. రెండో కన్నుకు నాయన వెంట మధురకు నేనే పోతాను. ఆయన రమ్మంటే.

సుదర్శన


రాజపాళయం
8 అక్టోబరు 1937

చిరంజీవి సుదర్శనకు ఆశీర్వాదాలు.

నాలుగు నత్తలు అని నువ్వు రాసినావు. కన్నమ్మాళ్ వాళ్ళ ఊరు సేత్తూరు. పొలం కాలువలోనుంచి కుండెడు తెచ్చింది. తొట్టిలో వేసినవి ఎన్నో, మరునాడు తొట్టిలో ఉన్నవి ఎన్నో దేవుడికే తెలియాలి. గోడమీద రెండు, కిటికీ చువ్వమీద ఒకటి, మీ బావ చెప్పులో ఒకటి. చెప్పులోది ఆయన కాలు పెట్టినాక తెలిసింది. నత్తలు తిన్నంత తిన్నాయి, పాచి పెరిగినంత పెరిగింది.

నువ్వు చెప్పిన అబద్ధం మాత్రం బ్రహ్మాండంగా నడుస్తున్నది. అమ్మ వాకిట్లో కాపలా కూర్చుని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పి పంపుతుంది. మొన్న అఖిలాండం అత్త వచ్చి, తొట్టిని చూసీచూడక ముందే "ఎంత తేట! నీళ్ళున్నట్లే లేదు" అన్నది. నాయన ఆమెవైపు చూసినారు. తొట్టివైపు చూసినారు. ఏమీ అనలేదు.

అదేరా నాకు బెంగ. ఏమీ అనడం లేదు. ఉప్పు తక్కువైనా అనడం లేదు. పొద్దున ఒకసారి అద్దాలు తుడుచుకుని తొట్టివైపు చూస్తారు, తీసి మళ్ళీ తుడుస్తారు, మళ్ళీ చూస్తారు. తరువాత కళ్ళు మూసుకుని పడుకుంటారు. పోయిన శుక్రవారం ఉన్నట్టుండి, "రెండో కన్ను వద్దు. మధురకు రాయండి" అన్నారు. ఎందుకని అడిగితే "వద్దంటే వద్దు" అంటారు. అమ్మ భయమంటుంది. మీ బావ మొండితనమంటారు. డాక్టరు చెప్పిన గడువు రెండు నెలలే ఉన్నది. నాకు నిద్ర రావడం లేదు.

తిండి ఎక్కువ వేస్తున్నామా అని అడిగినావు. రోజుకు ఒక్కసారి, నా చేత్తోనే, రెండు వేళ్ళ మధ్య. ఇందులో నువ్వు తప్పు పట్టేదానికి ఏమీ లేదు.

పెరట్లో కాకుల గోల భరించలేకపోతున్నాము. నాయన అన్నం తినే ముందు కాకికి పిడికెడు పెట్టేది నీకు తెలుసు గదా. ఎండలోకి పోరాదన్నారని అమ్మ ఆ పిడికెడు అన్నం తొట్టిలో వేయించి, ఏదో ఒక ప్రాణి తిన్నాక తింటే చాలునన్నది. తొట్టి వచ్చిననాటినుంచి రెండు పూటలా అట్లానే జరుగుతున్నది. కాకులకు కోపమొచ్చి కన్నమ్మాళ్ ఆరబెట్టిన వడియాలన్నీ ఎత్తుకుపోయినాయి.

పాపకు జ్వరం తగ్గింది. మేనమామవైన నీ బుద్ధులేవీ రాకుండా చూస్తున్నాను.

అక్క


మద్రాసు
13 అక్టోబరు 1937

అక్కా!

కాకి అన్నమా? రెండు పూటలా పిడికెడు అన్నం, ఆగస్టునుంచి! ఇంత రాసి, దాన్ని కాకుల గోల కింద రాస్తావా?

సంజీవి వచ్చినాడు. నీ కాగితం ఆయనకు చదివి వినిపించినాను. ఆయన బీడీ ఆర్పి, "తమ్ముడూ, ఎండ ఉన్నది, ఎరువు ఉన్నది, నీళ్ళు ఉన్నాయి. మీవాళ్ళు చేపలు పెంచడం లేదు, పాచి పైరు పెట్టినారు" అన్నాడు. వెలుతురులో పెట్టమన్నది నేనే. ఆ పాపం నాది. అన్నం పాపం మీది.

ఇప్పుడు ఆయన చెప్పినట్లు చేయండి. మొదట, నువ్వు కాక ఇంకెవరెవరు ఏమేమి వేస్తున్నారో ఇల్లంతా అడిగి కనుక్కో. రెండు, తొట్టిని కిటికీ దగ్గరనుంచి తీసి తూర్పు గోడకు పెట్టండి. మూడు, ఒక రబ్బరు గొట్టంతో అడుగున కుళ్ళిన మడ్డి అంతా లాగేయండి. గొట్టం నిండా నీళ్ళు పట్టి, ఒక కొస తొట్టిలో, ఒక కొస కింద బకెట్లో పెడితే అదే లాగుతుంది. తరువాత మందమైన నల్ల కంబళి చుట్టూ కప్పి పది రోజులు లోపలికి వెలుతురు చుక్క పడకుండా ఉంచండి. పైన గాలి ఆడేంత సందు ఉంటే చాలు. ఆ పది రోజులూ తిండి వేయవద్దు. చేపకు ఏమీ కాదు, పాచికి వెలుతురు లేకపోతే బతుకు లేదు. నాయన అడిగితే కంబళికి ఏదో ఒక కారణం చెప్పండి.

ఇక నాయన సంగతి. రెండో కన్ను వద్దనేదేమిటి? ఈ మాట నేను రాసినట్లుగానే చదివి వినిపించు. ఫ్యాక్టరీలో మంటలు లేస్తే తడిగోనె కప్పుకుని లోపలికి పోయిన మనిషి చిన్న కత్తికి భయపడతారని నేను అనుకోలేదు. ఇది పిరికితనం. ఆయన రాకపోతే నేనే వచ్చి ఎత్తుకుని బండి ఎక్కిస్తాను.

సుదర్శన


రాజపాళయం
27 అక్టోబరు 1937

చిరంజీవి సుదర్శనకు,

ముందు నువ్వు అడిగిన లెక్క. తిండి వేసేది నేనొక్కదాన్నే అనుకున్నాను గదా. కన్నమ్మాళ్ బియ్యం కడిగినప్పుడల్లా నూకలు వేస్తుంది, రోజుకు ఒక్కసారే. మీ బావ వచ్చినప్పుడు బొరుగులు, ఒక్కసారే. పాప తన బిస్కత్తులో ముక్క, ఒక్కసారే. అళగు, తాను తెచ్చిన చేపలన్న ప్రేమతో, వేయించిన పొట్టుకడలె పప్పు. అఖిలాండం అత్త ఎప్పుడు వచ్చినా ఇడ్లీ ముక్క. వీధిలో మొత్తం పదకొండుమంది తేలినారు. అందరూ ఒట్టు పెట్టి "ఒక్కసారే" అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు పాపం.

మొన్న ఆదివారం తొట్టిని తూర్పు గోడకు జరిపి, మడ్డి లాగి, కంబళి కప్పి, జారకుండా మీ బావ కట్టుగుడ్డ చుట్టి ముడి వేసినారు. నాయన నిద్ర లేచి చూసినారు.

"ఏమే, దీనికెందుకే కట్టు? దీనికీ కన్ను పోయినదా?"

కారణమేదీ తోచలేదు. మాట మార్చి, నీ కాగితం వచ్చిందని చదవడం మొదలుపెట్టినాను. నువ్వు రాసినట్లుగానే చదివినాను. 'పిరికితనం' అన్న మాట కూడా వదలలేదు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"భయం కాదమ్మా" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "కోసిన కన్నే మళ్ళీ పోతున్నది. ఇంక ఇంకొకటి ఎందుకు కోయించుకునేది? ముందు కూడా ఇట్లానే వచ్చినది, మెల్లగా, మంచు పట్టినట్లు. అప్పుడు తెల్లగా వచ్చినది. ఇప్పుడు పచ్చగా వస్తున్నది. మధురలో నెల దినాలు కంటికి పచ్చగుడ్డ వేలాడగట్టినారే, ఆ పచ్చ లోపల దిగిపోయినట్లున్నది. మొదట్లో ఆరు చేపలూ చూసినాను. ఇప్పుడు మీ అందరికీ ఎర్రగా, తేటగా కనపడుతున్నది. నాకు ఒట్టి పచ్చ. చెప్తే మీ అమ్మ తట్టుకోదని నోరు మూసుకుని ఉన్నాను."

అక్కడే నేలమీద కూర్చున్నాను. "నాయనా, మాకూ పచ్చే! నీళ్ళే పచ్చ!" అని అరిచినాను. అమ్మ పరుగెత్తి వచ్చి, అంతా విని నెత్తి కొట్టుకున్నది. ఎండ, అన్నం, నత్తలు, నువ్వు చెప్పమన్న అబద్ధం అన్నీ చెప్పినాను. పోయిన చేప సంగతి నోటిదాకా వచ్చినది, అమ్మ కళ్ళతోనే వద్దన్నది. ఆగినాను.

ఆయన నమ్మలేదు, సుదర్శనా. అదే కష్టం. "నిన్నటిదాకా తేట అంటిరి. మధురకు పోనన్నాక పచ్చ అంటున్నారు. నన్ను బండి ఎక్కించేదానికి మీరేమైనా చెప్తారు" అన్నారు. చివరికి ఆయనే తీర్పు చెప్పినారు. దీపావళి దాటిన మూడో రోజు కంబళి విప్పాలి. విప్పేటప్పుడు ఎవరూ మాట్లాడరాదు. ఏం కనపడుతుందో ఆయనే చెప్తారు. కనపడితే మధుర, లేకపోతే లేదు.

నీళ్ళు తేటపడకపోతే ఏమౌతుంది? ఆ సంజీవి నిజంగా పనివాడేనా?

అక్క


మద్రాసు
31 అక్టోబరు 1937

అక్కకు నమస్కారాలు.

నీ కాగితం నాలుగుసార్లు చదివినాను. చదివిన ప్రతిసారీ నామీద నాకు అసహ్యం వేసినది. ఆయన కోపానికి భయపడి అబద్ధం చెప్పించింది నేను. చెప్పించి, ఆయన్ను పిరికి అన్నది నేను. నెలన్నర రోజులు మళ్ళీ గుడ్డివాణ్ణి అవుతున్నానని ఒక్కరే కూర్చుని అనుకున్నారే, అక్కా! అమ్మ తట్టుకోదని నోరు మూసుకున్నారే! ఈ కాగితం ఆయనకు చదువు. నాయనా, తప్పు నాది. నన్ను తిట్టండి, డాక్టరుకు నేను చెప్పుకుంటాను.

సంజీవి పనివాడే. నేను మళ్ళీ పోయి గడ్డం పట్టుకున్నంత పని చేసినాను. కంబళి తీసే ముందురోజు, దాన్ని విప్పకుండా కిందినుంచే గొట్టం పెట్టి చచ్చిన పాచి అడుగున దిగింది లాగేయండి. మూడోవంతు నీళ్ళు తీసి, నిలవనీళ్ళు మెల్లగా, మడ్డి లేవకుండా, చెంబుతో పోయండి. బిందెతో గుమ్మరించవద్దు. బావను గుడ్డతో దగ్గరికి రానీయవద్దు. తరువాత రెండు వేళ్ళ తిండి, ఒక్కరి చేత్తో. ఆ చేయి ఎవరిదో ఇప్పుడే తేల్చుకోండి.

విప్పేటప్పుడు నువ్వు నోరు తెరవకు. నీకది ఎంత కష్టమో తెలుసు, అయినా చెప్తున్నాను. కొంగు కుక్కుకో. ఏమైనదో ఆ క్షణమే రాయి. తంతి ఇచ్చినా సరే.

సుదర్శన


రాజపాళయం
6 నవంబరు 1937

చిరంజీవి సుదర్శనకు నాయన గోవిందరాజా రాయునది.

నాలుగేళ్ళ తరువాత కలం పట్టినాను. గీతలు వంకరగా పోతే పోనీ. చదవరాదని మాత్రమే డాక్టరు చెప్పినాడు, రాయరాదని చెప్పలేదు. నీ అక్క రాస్తానన్నది. ఈ ఇంట్లోవాళ్ళు రాసేదీ చెప్పేదీ చాలునన్నాను.

నిన్న పొద్దున కంబళి విప్పినారు. మీ అమ్మ ఒక పక్క, అల్లుడు ఒక పక్క, వెనక కన్నమ్మాళ్, అళగు, అఖిలాండం, ఇంకా సగం వీధి. సుందరవల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట లేకుండా నిలబడినది. అదొక్కటి చూసేదానికైనా నాకు కన్ను ఉండవలసినది. అద్దాలు తీసి తుడిచినాను. పెట్టుకుని చూసినాను.

ముందు తొట్టిలో నీళ్ళు లేవనుకున్నాను. ఇసుక కనపడింది. రాళ్ళు, రాతిమీద పాకే నత్త, అవతల గోడమీద సున్నం పెచ్చు ఊడిన చోటు కనపడింది. నీళ్ళు మాత్రం కనపడలేదు. ఒక చేప మెల్లగా ముఖం ముందరికి వచ్చి ఆగినది. అప్పుడు తెలిసింది, నీళ్ళు ఉన్నాయని.

తరువాత లెక్కపెట్టినాను. మళ్ళీ పెట్టినాను. లేచి పోయి రాళ్ళ వెనక చూసి మూడోసారి పెట్టినాను.

"చేపలు ఎన్ని?" అని అడిగినాను.

"ఆరు" అన్నారు, అందరూ ఒకే గొంతుతో. అఖిలాండం అయితే తొట్టివైపు చూడనే లేదు.

"అయిదు" అన్నాను. "తోకమీద నల్లచుక్క ఉన్నది లేదు. ఏమైనదది?"

మీ అమ్మ నేలమీద చతికిలబడి ఏడుస్తూ నవ్వినది. అల్లుడు వాకిలివైపు జరిగినాడు. కట్టుగుడ్డ కథ అప్పుడు బయటికి వచ్చినది. ఇంతమంది నన్ను ఇన్నాళ్ళు ఏమార్చినారు గదా, కోపం రావలసినదే. రాలేదు. చేపలు అయిదు అని చెప్పగలిగిన సంతోషంలో దానికి చోటు దొరకలేదు. వీధి వీధంతా కళ్ళున్నవాళ్ళే, సరిగ్గా కనపడింది మాత్రం కోసిన నా ఒంటికన్నుకే.

కాకులకు బాకీ లేకుండా నిన్న గుమ్మం లోపలే నిలబడి అన్నం పెరట్లోకి విసిరినాను. ఇకమీద చేపలకు తిండి వేసేది నేనొక్కడినే. మిగిలినవాళ్ళు తొట్టికి మూడడుగుల దూరంలో నిలబడాలి.

నన్ను పిరికి అన్నావు. మనసులో నేనూ ఆ మాటే అనుకుంటూ ఉన్నాను, అందుకే కోపం రాలేదు. తొట్టి నచ్చినదా అని నీ అక్కను పదిసార్లు అడిగినావట. నన్ను అడగకూడదా? నచ్చినదిరా. కుర్చీ ఎందుకు ముందుకు జరిపించుకున్నాననుకున్నావు?

డిసెంబరు ఆరో తేదీకి వస్తున్నామని మధురకు రాసినాను. ఎత్తుకుని బండి ఎక్కిస్తానన్నావు గదా, వచ్చి ఎక్కించు. వచ్చేటప్పుడు ఒక చేప తీసుకురా, నల్లచుక్క ఉన్నది వెతికి తెచ్చేది. ఇంట్లోవాళ్ళ మాట నిలబెట్టేదానికి కాదు. రెండో కన్ను కట్టు విప్పి ఇంటికి వచ్చిననాడు ఆరు లెక్కపెట్టవలసి ఉన్నది.

నాయన